బండిలో దూరిన పచ్చడి

యుకునీతే, ఓహాకా కొండలు
ఏప్రిల్ 12

తోర్దో మోటార్‌సైకిళ్ళ కంపెనీ, ఫిర్యాదుల విభాగం పెద్దలకు ఎర్మీలో సానబ్రియా నమస్కారాలు.

మేమంతా ఇక్కడ కులాసా. మా ఆవిడ తొమాసాకు మోకాలి నొప్పి తప్ప వేరే కష్టం లేదు. మొంతెరేయ్‌లో మీరూ కులాసాగానే ఉన్నారని, ఉండకపోయినా ఈ ఉత్తరం చదివే ఓపిక మిగిలి ఉందని తలుస్తాను.

నిరుడు మీ కంపెనీ నల్ల మోటార్‌సైకిల్ కొన్నాను. బండి మంచిది. కొండ ఎక్కుతుంది, దిగుతుంది, మొక్కజొన్న మూటలు మోస్తుంది, మూటల మీద తొమాసాను కూడా మోస్తుంది. దాని మీద నేను చాడీలు చెప్పను. వచ్చిన చిక్కల్లా చీమలతోనే.

మా పొలంలో చికతానా చీమల పుట్ట ఒకటుంది. తాతల నాటిది. తొలి పెద్దవాన కురిసిన మర్నాడు, ఇంకా తెల్లవారకముందే, రెక్కలొచ్చిన చీమలు అందులోంచి వేలకు వేలు లేస్తాయి. ఏడాదికి ఒకసారి, అదృష్టం ఉంటే రెండోసారి. లేచినవి దీపం ఎక్కడుంటే అక్కడికి వస్తాయి. ఇదివరకు లాంతరు పట్టుకెళ్ళేవాణ్ణి. బండి కొన్నాక ఇంకా లాంతరేమిటని పుట్ట ముందు బండి నిలబెట్టి, ఇంజను ఆపకుండా హెడ్‌లైటు వేశాను. కింద నీళ్ళ తొట్టి పెట్టాను. వచ్చాయండీ, ఎన్నడూ రానన్ని వచ్చాయి. కానీ తొట్టిలో పడాల్సినవి బండిలో దూరాయి. హెడ్‌లైటు గిన్నెలో దూరాయి, సీటు కింద దూరాయి, ఇంజను గాలి పీల్చే గొట్టంలో దూరాయి. ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయింది. ఇంజను ఆగితే దీపం పోయింది. దీపం పోతే చీమలు నా మొహం చూసి ఆగుతాయా? పక్క పొలంలో మా బావమరిది ఫిదెన్సియో పెట్టిన లాంతరు దగ్గరికి చక్కా పోయాయి.

నిరుడంటే సరే, పోయింది. ఈ ఏడు అలా కుదరదు. జూన్ 24న సాన్ హువాన్ పండగకు ఈసారి నేను పండగ పెద్దను. ఊరందరి భోజనం నా చేతి మీదుగా జరగాలి. చర్చిలో స్వామి ముందు నిలబడి, అందరూ వింటుండగా, చికతానా పచ్చడి వడ్డిస్తానని మాటిచ్చాను. మా నాన్న పండగ పెద్దగా ఉన్న ఏడు ఆయన వడ్డించాడు. ఆ తర్వాత ఎవరి వల్లా కాలేదు. ఎవరి పుట్టలో వచ్చింది వాళ్ళ ఇంటికే చాలీచాలకుండా ఉంది. అందరితో కలిసి కూచుని ఆ పచ్చడి తినడమంటే ఏమిటో ఊళ్ళో పిల్లలకు తెలియదు. కాబట్టి వానలు పడేలోగా ఈ బండిలో చీమల సంగతేదో మీరు తేల్చాలి.

ఇట్లు
మీ బండి కొన్నవాడు
ఎర్మీలో సానబ్రియా

తా.క. నిరుడు గాలి గొట్టంలోంచి తీసినవాటికి పెట్రోలు కంపు పట్టింది. తొమాసా నూరిన పచ్చడి మేం తినలేక పందికి పెట్టాం. ఆనాటి నుంచి అది నన్ను అనుమానంగా చూస్తోంది.



మొంతెరేయ్
ఏప్రిల్ 24

ఆర్యా,

తమరి లేఖ అందినది. లేఖ మిక్కిలి దీర్ఘముగా నుండుటచే, మా విభాగపు పద్ధతి ననుసరించి, అందులో ఫిర్యాదు గల వాక్యమును మాత్రము వేరుచేసి మేనేజరుగారి ముందుంచడమైనది. సదరు వాక్యము: "వానలు పడేలోగా ఈ బండిలో చీమల సంగతేదో మీరు తేల్చాలి." మా వాహనమున చీమలు ప్రవేశించి తమరికి కలిగించిన ఇబ్బందికి విచారించుచున్నాము.

ఇకమీదట తమరు వాహనమును చీమల పుట్టకు సాధ్యమైనంత దూరముగా నిలుపవలెను. తెల్లవారుజామున హెడ్‌లైటు వేయరాదు. వాహనముపై మందపాటి గుడ్డ కప్పి ఉంచవలెను. వాన కురిసిన మర్నాడు వాహనమును బయటికి తీయకుండుట అన్నిటికన్న ఉత్తమము.

చీమలను సమూలముగా నిర్మూలించు పొడి డబ్బా ఒకటి ఈ లేఖతో ఉచితముగా పంపుచున్నాము. విదేశీ సరుకు కావున డబ్బా మీది రాత మన భాషలో లేదు. వాడుక తేలిక. పుట్ట నోటిలో పోసిన చాలును, తమరికి ఇకపై చీమల బెడద ఉండదు.

ఇట్లు
విధేయుడు
ఆబెలార్దో గార్సా, గుమాస్తా
ఫిర్యాదుల విభాగము

తా.క. పంది అనుమానము మా విభాగపు పరిధిలోనికి రాదు. పశువైద్యశాఖను సంప్రదింపగలరు.



యుకునీతే
మే 3

ఆబెలార్దో గార్సా గారికి ఎర్మీలో నమస్కారాలు.

మీ ఉత్తరం చేరింది. పోస్టు తెచ్చే బస్సు డ్రైవరు దాన్ని రెండు చేతులతో పట్టుకొచ్చి, "పెద్దాఫీసు నుంచొచ్చింది, చొక్కా వేసుకుని చదువు" అన్నాడు. వేసుకునే చదివాను. చదవడం అయ్యాక చొక్కా తీసి వంకీకి తగిలించాను.

అయ్యా, హెడ్‌లైటు వేయకపోతే అవి ఎలా వస్తాయి? బండి పుట్ట దగ్గర కాక ఇంకెక్కడ పెట్టమంటారు, చర్చి గుమ్మంలోనా? వాన కురిసిన మర్నాడు బయటికి రావొద్దంటే, పెళ్ళికొడుకును తాళి కట్టే వేళకు పడుకోమన్నట్టుంది. మీరు నా ఉత్తరాన్ని తలకిందులుగా పట్టుకుని చదివారేమోనని తొమాసాకు అనుమానం.

మళ్ళీ చెబుతున్నాను, నిదానంగా వినండి. చీమలు రావాలి. ఎన్నొస్తే అంత సంతోషం. బండిలో మాత్రం దూరకూడదు. పొరపాటున దూరినవాటిని ఎలా తీయాలో కూడా రాయండి. ఒక్కదాని పొట్టా చిట్లకూడదు. కడుపుతో ఉన్న ఆడ చీమలైతే మరీ జాగ్రత్తగా తీయాలి. నిరుడు ఎయిర్ ఫిల్టరులో నలిగిపోయినవాటిని చూసి తొమాసా అన్నం ముట్టలేదు. ఏడాదంతా వాటి కోసమే ఎదురు చూస్తాం మేము.

మీ పొడి డబ్బా అటక మీద పెట్టాను. దానితో నాకు పనిలేదు. చంపడానికైతే మీదాకా ఎందుకు, నా చెప్పు చాలు.

ఇట్లు
ఎర్మీలో సానబ్రియా

తా.క. ఉత్తరాది వాళ్ళకు మాంసం కాల్చడం తప్ప ఏ విద్యా రాదని ఫిదెన్సియో అంటాడు. వాడన్నమాట ఒక్కటీ నిజం కాకూడదని నా కోరిక. మీరు పరువు నిలబెట్టాలి.



మొంతెరేయ్
మే 14

గౌరవనీయులైన ఎర్మీలో సానబ్రియా గారికి,

తమరి లేఖను మా విభాగం అంతా ఒకచోట చేరి చదివింది. తమరి మొదటి లేఖను మేము ఎంత తప్పుగా అర్థం చేసుకున్నామో తెలిసి సిగ్గుపడుతున్నాను. అది ఇప్పుడు బీరువాలో పడింది, తాళం మేనేజరు గారి దగ్గరుంది, లేకుంటే మరోసారి చదివేవాణ్ణి.

"కడుపుతో ఉన్న ఆడ చీమలైతే మరీ జాగ్రత్త" అన్న చోట మా టైపిస్టు ఒతీలియా గారు మిషను ఆపి కళ్ళు తుడుచుకున్నారు. ఎందరో మాకు బండ్ల గురించి రాస్తారు. బండిలో చిక్కిన ప్రాణి గురించి రాసినవారు తమరొక్కరే. చీమ చనిపోతే భోజనం మానేసిన దోన్యా తొమాసా గారికి మా అందరి సానుభూతి తెలియజేయండి.

తమరి సమస్యను వర్క్‌షాపులో చెప్పాను. అక్కడి మెకానిక్ ఒకాయన మంచి ఉపాయం చెప్పాడు. ఆడవాళ్ళు కాళ్ళకు తొడుక్కునే పల్చటి మేజోడు ఒకటి తీసుకుని, గాలి గొట్టం మూతికి బిగించి కట్టండి. గాలి వెళుతుంది, చీమ వెళ్ళదు. హెడ్‌లైటు గిన్నె చుట్టూ పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టండి. సీటు కింద గుడ్డలు కుక్కండి. పొరపాటున దూరినవాటిని మెత్తటి కుంచెతో తీసి, నీడలో, తేమ ఉన్న చోట వదలండి. పక్కన కాస్త పంచదార పెడితే త్వరగా తేరుకుంటాయి. రెక్కలు పట్టి లాగవద్దు.

ఇట్లు
తమరి అభిమాని
ఆబెలార్దో గార్సా

తా.క. మా మేనేజరు గారు తమరిని ఒక సందేహం అడగమన్నారు. బొద్దింకలకు కూడా ఇదే నియమమా? నిన్న ఆయన చెప్పు ఎత్తి, ఒతీలియా గారి మొహం చూసి, దించేశారు.



యుకునీతే
మే 22

బాబూ ఆబెలార్దో,

ఇక నిన్ను గారు అనలేను, ఏమనుకోకు. నీ ఉత్తరం కొట్టు ముందు బెంచీ మీద కూచుని పైకి చదివాను. పంచదార దగ్గరికి వచ్చేసరికి ఫిదెన్సియో బెంచీ మీంచి కింద పడ్డాడు. వాణ్ణి లేపాల్సిన వాళ్ళు కూడా లేపే స్థితిలో లేరు. చాలా రోజులకు ఊరంతా ఇంతగా నవ్వింది. నీకు పుణ్యం ఉంటుంది.

నాయనా, మేము వాటిని తింటాం.

నీ కోసం విడమరిచి రాస్తున్నాను. నీళ్ళలో పడ్డవాటిని తీసి ఆరబెట్టి, రెక్కలూ కాళ్ళూ తలలూ తీసేసి, మట్టిపెనం మీద దోరగా వేయిస్తాం. ఇల్లంతా కమ్మటి వాసన వస్తుంది. అప్పుడు కాల్చిన ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు చేర్చి రాతి మీద కచ్చాపచ్చాగా నూరుతాం. వేడివేడి మొక్కజొన్న రొట్టెలో అద్దుకుని తింటే, పక్కన ఎవరున్నారో కాసేపు గుర్తుండదు. రుచంతా పొట్టలోనే ఉంటుంది, అందుకే చిట్లకూడదన్నాను. కడుపుతో ఉన్నదాంట్లో ఇంకా ఎక్కువ ఉంటుంది. ఈ మాట ఆ టైపిస్టు అమ్మకు నువ్వే నెమ్మదిగా చెప్పు.

నీ మేజోడు ఉపాయం మాత్రం అమోఘం. తొమాసాకు మేజోళ్ళు లేవు. ఊరి మొత్తం మీద ఫాదరీ గారి చెల్లెలికే ఉన్నాయి. ఎందుకో చెప్పకుండా అడగడం నా వల్ల కాలేదు, ఎందుకో చెబితే ఇవ్వడం ఆవిడ వల్ల కాలేదు. చివరికి ఫాదరీ గారే కల్పించుకుని, స్వామి కార్యం కదా ఇవ్వమ్మా అంటే ఒక కాలిది ఇచ్చింది. గొట్టానికి కట్టి కొండ దాకా నడిపాను. బండి చక్కగా ఊపిరి తీస్తోంది. ఇక వాన పడటమే తరువాయి. ఈసారి ఊరంతా ఒకచోట కూచుని తింటుంది. ఆలోచిస్తేనే నా గుండె నిండుతోంది.

ఇట్లు
ఎర్మీలో

తా.క. కవరు అంటించి మళ్ళీ చించాను. ఇప్పుడే తొమాసా పొలం నుంచి నవ్వుతూ వచ్చింది. అటక మీద డబ్బా కనిపించిందట. కోడి బొమ్మ ఉన్న సంచిలో కోళ్ళ మేత ఉంటుంది, పంది బొమ్మ ఉన్న సంచిలో పందుల మేత ఉంటుంది, మరి లావుపాటి చీమ బొమ్మ ఉన్న డబ్బాలో ఏముంటుంది? పండగ నాటికి బాగా బలుస్తాయని డబ్బా మొత్తం పుట్ట నోట్లో పోసొచ్చింది. డబ్బా సంగతి ముందే చెప్పనివాణ్ణి, అది విషమని ఆవిడకు ఇప్పుడెలా చెప్పను?



మొంతెరేయ్
జూన్ 1

ఆర్యా,

తమరు మా వాహనమును ఆహారపదార్థముల సేకరణకు వినియోగించుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. మా వాహనము వంటపాత్ర కాదని ఇందుమూలముగా తెలియజేయడమైనది. తద్వారా తయారగు పచ్చళ్ళ రుచికి గాని, జీర్ణమునకు గాని కంపెనీ బాధ్యత వహింపదు. గాలి గొట్టమునకు స్త్రీల మేజోడు తొడుగుటకు కంపెనీ అనుమతి లేదు.

దోన్ ఎర్మీలో, పైదంతా మేనేజరు చెబుతుంటే టైపు చేసింది. ఇక్కడి నుంచి నా చేతిరాత.

మీ తా.క. చదివాక కుర్చీలో కూచోలేకపోయాను. ఆ డబ్బా పంపింది నేను. మీ ఉత్తరం పూర్తిగా చదవకుండా ఒక్క వాక్యం పీకి ఫైల్లో పెట్టిందీ నేనే. మేనేజరును బతిమాలి బీరువా తెరిపించి మీ మొదటి ఉత్తరం మళ్ళీ చదివాను. అన్నీ రాశారు మీరు. పండగ రాశారు, స్వామి ముందు మాట రాశారు, నాన్నగారి సంగతి రాశారు, పచ్చడి అని తెల్లకాగితం మీద నల్లగా రాశారు. చదవాల్సిన వాడు చదవలేదు.

పుట్ట బతికే అవకాశం ఏమైనా ఉందా? నీళ్ళు పోసి కడిగితే లాభం ఉంటుందా? కొత్త పుట్ట ఎక్కడైనా దొరుకుతుందా? నాకు ఈ విద్య ఏమీ తెలియదు. కంపెనీ తరఫున ఏదైనా చేయమని అడిగాను. చచ్చిన చీమలకు పరిహారం ఇచ్చే పద్ధతి లేదన్నారు. దోన్యా తొమాసా గారిని ఏమీ అనకండి. తప్పు ఆవిడది కాదు.

ఇట్లు
ఆబెలార్దో

తా.క. ఒతీలియా గారికి ఇంకా చెప్పలేదు. ఆవిడ రోజూ చర్చిలో మీ చీమల కోసం కొవ్వొత్తి వెలిగిస్తున్నారు. ఇప్పుడు వాటికి అది అవసరమే కదా అని ఊరుకున్నాను.



యుకునీతే
జూన్ 9

బాబూ ఆబెలార్దో,

నువ్వు అంతగా కుమిలిపోకు. చావుకు ముహూర్తం అడ్డం రాదంటారు, పుట్టకు మాత్రం వస్తుందా?

మొన్న రాత్రి వాన కురిసింది. కొండ దిగిపోతుందేమో అన్నంత వాన. పుట్ట సంగతి తెలిసినా మనసు ఊరుకోలేదు. చీకటితోనే లేచి బండి తీశాను. తొట్టి పెట్టాను, మేజోడు సరిచూశాను, హెడ్‌లైటు వేశాను. నీ ఉపాయం దివ్యంగా పనిచేసింది. ఇంజను ఒక్కసారి దగ్గలేదు. బండి లోపల ఒక్క చీమ లేదు. బండి బయట కూడా ఒక్క చీమ లేదు. తెల్లారేదాకా నేనూ ఆ దీపమూ ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూచున్నాం.

తొమాసా ఆ రోజు నుంచి సరిగ్గా తినడం లేదు. నేనేమీ అనలేదు, అననందుకే ఇంకా ఏడుస్తోంది. పక్క పొలంలో ఫిదెన్సియోకు బుట్టలు నిండాయి. వాడికి నాలుగు పుట్టలున్నాయి. అడిగితే ఇస్తాడు. అడగాలి. మా ఊళ్ళో ఒకడి పుట్ట ఫలం ఇంకొకడు అడగడమంటే, ఇంటి పెద్ద పొరుగింటికి గిన్నె పట్టుకెళ్ళడమే. వాడు గోడ మీద మోచేయి ఆనించి, "ఏం బావా, బండి బాగుందా?" అని రోజూ అడుగుతున్నాడు. "బాగుంది" అంటున్నాను. నేను అడగను, వాడు అడక్కుండా ఇవ్వడు. వాళ్ళ అక్కను చేసుకుని ఇన్నేళ్ళయింది, నాకు తెలియని మనిషి కాదు.

పండగ నాడు చిక్కుడుగింజల కూర వడ్డిస్తాను. తినేవాళ్ళు తింటారు, తలదించుకునేవాణ్ణి నేనున్నాను. నాన్న పేరు చెప్పుకుని మాటివ్వకుండా ఉండాల్సింది. వీలైతే నువ్వు కూడా పండక్కి రా. నీ మీద నాకు కోపం లేదు. ఆఫీసు నుంచి మనిషిలా ఉత్తరం రాసినవాణ్ణి నిన్నే చూశాను.

ఇట్లు
ఎర్మీలో

తా.క. మేజోడు తిరిగి ఇచ్చేశాను. ఫాదరీ గారి చెల్లెలు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, "పనికొచ్చిందా?" అంది. "అది తన పని తాను చేసిందమ్మా" అన్నాను.



మొంతెరేయ్
జూన్ 18

దోన్ ఎర్మీలో గారికి,

బస్సు వేళకు తొందర తొందరగా రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే మన్నించండి. ఈ ఉత్తరం మూటలోనే పెట్టి పంపుతున్నాను. మూటేమిటో చెబుతాను.

మొన్న మా దగ్గర కూడా వాన పడింది. ఇక్కడ వానంటే వింత, అందరం కిటికీల దగ్గరికి చేరి చూశాం. మర్నాడు నేను ఆఫీసుకు పెందలాడే వెళ్ళాను. కర్మాగారం వెనక మైదానంలో కొత్త బండ్లను వరసగా నిలబెట్టి, ఇంజన్లు ఆన్ చేసి, హెడ్‌లైట్లు వెలుగుతున్నాయో లేదో చూస్తున్నారు. తోట పక్క నుంచి ఏదో పొగలా లేచింది. దగ్గరికొస్తే చీమలు. పొట్టలు ఇంతేసి, రెక్కలు అంతేసి. మా తోటమాలి వాటిని గులాబీ దొంగలంటాడు. ఆకులు కోసుకుపోతాయని ఏటా మందు పెట్టి చంపుతాడు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను, వాటికి రెక్కలొస్తాయని నాకు తెలియదు.

అన్నీ వచ్చి బండ్లలో దూరాయి. బండ్లన్నీ వరసగా దగ్గి వరసగా ఆగిపోయాయి. మీరు రాసింది రాసినట్టు. మేనేజరు గారు పరిగెత్తుకొచ్చి, "ఏమిటిది" అనడానికి నోరు తెరిచారు. ఒకటి లోపలికి పోయింది. మా కంపెనీలో మొదట రుచి చూసింది ఆయనే.

తోటమాలి పొడి డబ్బా తెచ్చాడు. నేను లాక్కుని దాని మీద కూచున్నాను. "వీటిని ముట్టుకోవద్దు, ఇవి ఎర్మీలో గారివి" అని అరిచానట. ఏమన్నానో నాకు గుర్తులేదు. మేనేజరు లెమ్మన్నారు, లేవలేదు. ఆఖరికి వర్క్‌షాపు మెకానిక్ వెళ్ళి ఒక బండి మళ్ళీ స్టార్ట్ చేసి, హెడ్‌లైటు వేసి, దాని కింద తలకిందులుగా హెల్మెట్ పెట్టాడు. అది చూసి మిగిలినవాళ్ళూ పెట్టారు. కంపెనీలో ఉన్న హెల్మెట్లన్నీ నిండాయి. ఈ ఏడు ఇంకా తోటలో మందు చల్లలేదని తోటమాలి చేత వాళ్ళమ్మ మీద ఒట్టు వేయించుకున్నాను.

క్యాంటీన్‌లో మీరు రాసిన ప్రకారమే ఒలిచి, దోరగా వేయించాం. నూరలేదు. అది దోన్యా తొమాసా గారి చేతి మీదుగానే జరగాలి. ఒకటి తిన్నాను, కళ్ళు మూసుకుని. తర్వాత కళ్ళు తెరిచి ఇంకొకటి తిన్నాను. దోన్ ఎర్మీలో, ఇన్నాళ్ళూ మేము వీటిని పాతిపెట్టాం.

మూట మూడు బస్సులు మారి 22న మీ ఊరి బస్సుకు అందుతుంది. మీరు అడగలేదు, నేను పంపుతున్నాను. కాబట్టి మీరు గిన్నె పట్టుకెళ్ళినట్టు కాదు. మేనేజరు గారు రేపు తన గదికి రమ్మన్నారు. ఏమవుతుందో తెలియదు గానీ నాకు ఇవాళ చాలా తృప్తిగా ఉంది.

ఇట్లు
ఆబెలార్దో

తా.క. ఒతీలియా గారికి నిజం చెప్పేశాను. ఆవిడ టైపు మిషను మీద గుడ్డ కప్పారు. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి, కడుపుతో ఉన్నవాటిని ఏరి విడిగా పొట్లం కట్టారు. పండగ పెద్ద పళ్ళానికి అవి వెయ్యాలట.



యుకునీతే
జూన్ 29

అబ్బాయ్ ఆబెలార్దోకు నీ ఎర్మీలో రాస్తున్నది.

మూట చేరింది. బస్సు డ్రైవరు దాన్ని పైన కట్టకుండా తన పక్కన సీట్లో కూచోబెట్టి తెచ్చాడు. వాసన పట్టి ప్రయాణికులు దారంతా అదేమిటని అడిగారట. తొమాసా ముడి విప్పి, లోపలికి చూసి, నేల మీద చతికిలబడి పెద్దగా ఏడ్చింది. తర్వాత లేచి కళ్ళు తుడుచుకుని నూరుడు రాయి కడిగింది. ఆ రోజు నుంచి మళ్ళీ తింటోంది.

ఊరికి దాచలేదు. పండగ నాడు వడ్డించే ముందే చెప్పాను, ఇవి నా పుట్టవి కావు, ఉత్తరాన మొంతెరేయ్‌లో ఆబెలార్దో గార్సా అనే అబ్బాయి పంపినవి అని. ఒక ముసలాయన, "ఉత్తరాది చీమ మన చీమ అవుతుందా?" అన్నాడు. రొట్టె ముంచి నోట్లో పెట్టుకున్నాక ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. పిల్లలు కారానికి ముక్కులు ఎగబీలుస్తూ మళ్ళీ మళ్ళీ పళ్ళేలు చాపారు. ఊరంతా ఒకచోట కూచుని తింది బాబూ. నేను మా నాన్నను తలుచుకుని గిన్నె పట్టుకుని నిలబడ్డాను, కాసేపు ఎవరికీ వడ్డించలేకపోయాను. ఫిదెన్సియో మూడు పళ్ళేలు తిని ఉప్పు తక్కువైందన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. జాగ్రత్తగా విను, ఈ ఉత్తరంలో ఒక్క వాక్యం పీకి చదవకు.

మా దగ్గర పండక్కి ఎవరైనా పట్టుకొచ్చింది దానం కాదు, బదులు. వాళ్ళ ఇంట్లో శుభకార్యానికి ఊరు అంతకంత తిరిగి మోయాలి. నీకు పెళ్ళయిందో లేదో నువ్వెప్పుడూ రాయలేదు. కాకపోతే త్వరగా చేసుకో, ఊరంతా నీకు బాకీ పడి నిద్రపోలేకపోతోంది.

ఇంకొకటి. పండగ సాయంత్రం పెద్దలు కూచుని వచ్చే ఏటి పండగ పెద్దను ఎంచుతారు. ఆ ఏడు పండక్కి అందరికంటే ఎక్కువ మోసుకొచ్చినవాడి పేరు ముందు పిలవడం ఆచారం. పిలిచారు. నీ పేరు. పలకడం రాక మూడు రకాలుగా పిలిచారు, మూడూ నీవే. పరాయి ఊరివాడు ఎలా అవుతాడని ఒకరిద్దరు గొణిగారు. అప్పుడు ఫాదరీ గారు లేచి, "మన సాన్ హువాన్ స్వామి ఎడారిలో ఉండి మిడతలు తిని బతికాడని బైబిలే చెబుతోంది. ఇప్పుడు ఎడారి వైపు నుంచే ఒకడు పురుగులు పంపాడు. ఇంకా ఏం నిదర్శనం కావాలి?" అన్నారు. అందరూ చేతులెత్తారు. స్వామి ముందు నీ బదులు పండగ పెద్ద చేతికర్ర నేను అందుకున్నాను. కాదనడానికి వీల్లేదు. కాదన్నవాడికి వాన పడదంటారు. మీ ఊరికి అసలే అంతంతమాత్రం.

మీ మేనేజరుకు ఒక సీసా పచ్చడి పంపుతున్నాను. నిన్ను ఉద్యోగంలోంచి తీసేసి ఉంటే ముందు సీసా ఇవ్వు, తర్వాత మాట్లాడు. తీసేయకపోతే వచ్చే జూన్‌కు సెలవు ఇప్పుడే అడుగు. టైపిస్టు అమ్మను వెంట తీసుకురా, తొమాసా ఆవిడ కోసం పక్క వేసి ఉంచుతానంది. మీ వర్క్‌షాపు మెకానిక్కునూ తీసుకురా. ఊళ్ళో బండ్లున్న వాళ్ళందరూ ఆయన్ను చూడాలంటున్నారు.

నీ కోసం ఎదురు చూసే
ఎర్మీలో

తా.క. పండగ పెద్ద అన్నాక ఊళ్ళో సొంత పుట్ట ఉండాలి. నిన్న పొద్దున ఫిదెన్సియో తన నాలుగు పుట్టల్లో పెద్దదాని పక్కన కర్ర పాతి, దాని మీద నీ పేరు రాశాడు. ఎవరూ అడగలేదు, వాడంతట వాడే ఇచ్చాడు. అది చూసి, "మరి నాకు?" అన్నట్టు వాడి మొహం చూశాను. "నువ్వు అడగాలి బావా" అన్నాడు.